జరీ చుట్టిన బండి

మా ఆయన చెన్నకేశవులుకు మోటారు సైకిలంటే ప్రాణం. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత బండి అది. ధర్మవరంలో మేము నేసిన పట్టుచీరలు దాని వెనక కట్టుకొని ఊరూరా తిరిగి అమ్మేవాడు. పొద్దున లేస్తే నా ముఖం చూసేవాడో లేదో గాని దాని ముఖం మాత్రం తుడిచేవాడు. అందుకే నేను దాన్ని సవతి అనేదాన్ని.

ఆ ఏడు దసరా మరునాడు ఆ సవతి మీదే పెనుకొండలో మా అక్క ఇంటికి వెళ్లాం. మా నాలుగేళ్ల బాలమ్మకు ముందురోజు నుంచే గొంతు నొప్పి. మధ్యాహ్నానికి మెడ వాచింది. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గరగరమని చప్పుడు. ఆ ఊరి డాక్టరు నోరు తెరిపించి చూసి, లోపల తెల్లటి పొర కట్టిందన్నాడు.

"ఇది కంఠసర్పి. దీనికి సూదిమందు నా దగ్గర లేదు. హిందూపురం పెద్దాసుపత్రిలో ఉంది. ఆలస్యం చేస్తే గొంతు మూసుకుపోతుంది, తొందరగా పోండి" అన్నాడు.

సాయంత్రం బస్సు అప్పటికే వెళ్లిపోయింది. పాపను గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకొని బండెక్కాను.

ఊరు దాటి చదునుదారి ఉన్నంతసేపు బండి బాగానే పోయింది. సోమందేపల్లికి ముందు ఎత్తు మొదలుకాగానే టప్ టప్ మని ఎగదన్నింది. రేజు ఇచ్చేకొద్దీ దమ్ము పోయి ఆగిపోయింది.

"ఏమైందయ్యా?"

"ఉండు, సూస్తాండా గదా!"

పెట్రోలు గొట్టం ఊడదీశాడు. ధార బాగానే పడింది. ప్లగ్గు విప్పాడు. మసిపట్టి తడిగా ఉంది. పంచె అంచుతో తుడిచి, ఇంజను మీద ఆనించి, కిక్కు కొట్టాడు. నీలంగా ఒక రవ్వ దూకింది.

"పెట్రోలు వస్తాండాది. నిప్పు వస్తాండాది. ఇంకేం రోగం దీనికి?"

"రోగం దానికి కాదయ్యా, నా బిడ్డకు!" అని అరిచాను. బండి చప్పుడు లేకపోయేసరికి పాప గొంతులోని గరగర ఇంకా పెద్దగా వినిపిస్తోంది. స్వామీ, ఈ చప్పుడు ఆగేట్టు చూడు అని మొక్కుకున్నాను.

ఆయన నిప్పు పుట్టించే మాగ్నెటో మూత తీసి, లోపలి పాయింట్లను అగ్గిపెట్టె గరుకుతో రుద్దాడు. మూత బిగిస్తుంటే స్క్రూ జారి మట్టిలో పడింది. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లముందే ఉన్న దాన్ని వదిలి చుట్టూ మట్టి గోకుతున్నాడు. ఆయనకూ నా అంత భయం ఉందని అప్పుడు తెలిసింది. దాంతో నాకున్న కాస్త ధైర్యమూ పోయింది.

మళ్లీ స్టార్టయింది. మళ్లీ ఎత్తులో దమ్ము పోయింది.

"దిగి నడువు నాగరత్నా. ఇంతమందిని లాగేట్టు లేదు."

దిగాను. ఆయన బండి మీద కూర్చుని రేజు ఇస్తూ, కాళ్లతో తోస్తూ పోతుంటే, నేను పాపను భుజాన వేసుకొని పక్కనే పరుగులాంటి నడక నడిచాను. అప్పటికి వెలుగు తగ్గింది. ఆయన మోకాళ్ల మధ్య, ట్యాంకు కింద ఏదో నీలంగా పాకింది. రేజు పెంచినప్పుడల్లా పాకుతోంది. వంగి చూశాను.

జరీ పోగు! మా అత్త రామాంజినమ్మ పని. ఆయుధ పూజనాడు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి జరీ చుట్టడం మా ఇంటి ఆనవాయితీ. మనకు అన్నం పెట్టేది ఇది కూడా కదా అని ఈసారి బండికీ చుట్టింది. ప్లగ్గు వైరుకు పేటలు పేటలుగా చుట్టి, కొసను బండి ఇనుప కడ్డీకి ముడేసింది. జరీ అంటే పట్టు మీద చుట్టిన వెండి తీగే. పుట్టినప్పటి నుంచి నేస్తున్నవాళ్లం, ఒక్కరికీ తోచలేదు.

"ఆపు! నిప్పు జరీలోకి పోతాండాది!"

ఆయన ఇంజను ఆపి వేలితో తడిమి చూశాడు. వైరు పాతబడి, సరిగ్గా జరీ కిందే రబ్బరు పగిలి ఉంది.

"ప్లగ్గు బయట పెడితే దూకింది గదా అనుకొంటి. లోపల, ఎత్తులో ఇంజను బిగబట్టినప్పుడు దూకలేక ఈ సులువు దారి పట్టిండాది" అన్నాడు. అని, చేయి వెనక్కి తీసుకున్నాడు.

"తెంచు!"

"పూజ పోగే. దానంతటది రాలేవరకు తీయగూడదు. పాప ఇట్లుండగా తెంచితే..."

నాకు మాత్రం భయం లేదా? పాపను ఆయన చేతుల్లో పెట్టి నేనే తెంచాను. వేలు తెగింది. ముడి రాకపోతే పళ్లతో కొరికాను. నా బిడ్డ ఆయుష్షే కొరుకుతున్నట్టు ఒళ్లంతా చల్లబడింది. ఆయన సైకిలు ట్యూబు ముక్కతో పగులు మీద బిగించి కట్టాడు.

ఈసారి బండి ఎత్తును ఒక్క గుక్కలో ఎక్కేసింది. సోమందేపల్లి దాటింది. ఆ ఇంజను హోరు వింటూ, అమ్మయ్య అనుకోబోయి ఆగిపోయాను. పాప గరగర వినిపించడం లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఎదురుగాలి కొడుతోంది, ఊపిరి తెలియలేదు. రొమ్ము మీద చెయ్యి వేశాను. బండి అదురే తెలుస్తోంది. ఆపమని చెబితే ఆలస్యమవుతుంది. ఆపాక వినిపించకపోతే? దారి పొడుగునా ఆ పోగే కళ్లముందు కదిలింది. నేనే తెంచాను, నేనే తెంచాను అనుకుంటూ కూర్చున్నాను.

హిందూపురం ఆసుపత్రి వాకిట్లో బండి నిలిపాడు. ఆయన చెయ్యి ఇంజను ఆపడానికి పోతుంటే "ఆపొద్దు!" అని కేక పెట్టాను. నాకు పిచ్చెత్తిందనుకున్నాడేమో, ఆపేశాడు.

ఏమీ వినిపించలేదు. నా చెవుల్లో బండి హోరే ఇంకా మోగుతోంది. తర్వాత సన్నగా, తడితడిగా, గరగర.

"ఊపిరుంది. మందూ ఉంది. ఇట్లివ్వమ్మా పిల్లను" అన్నాడు, లోపలి నుంచి వచ్చి పాపను చూసిన డాక్టరు.

ఇద్దామనే అనుకున్నాను. చేతులు వినలేదు. నర్సు నా వేళ్లు ఒక్కొక్కటే విప్పి పాపను తీసుకుంది.