మూత తీయని మధ్యాహ్నం

చలికాలంలో మేడ మీదికి ఎండ ఆలస్యంగా వస్తుంది. వచ్చాక కూడా సగం చోటు నీళ్ల ట్యాంకు నీడదే. ఫోటోలకు ఫ్రేములు కట్టే అతను ఆ నీడ తగలని చోట అట్టపెట్టె పెట్టి, వెనకవైపు కింద ఇటుక దోపాడు.

అందులో ఉన్నదంతా కొట్లో మిగిలిన సరుకే. పెట్టెలో పెట్టె, రెండింటి మధ్య చింకిగుడ్డలు, లోపల వెండిరంగు రేకు, పైన ఫ్రేములకు కోయగా మిగిలిన అద్దం. వండే గిన్నెకు బయట నల్లరంగు పూశాడు. ఎండపెట్టె అని పేరు పెట్టింది భార్య. వేసవంతా గ్యాసు ముట్టించకుండా ఇద్దరూ అందులోనే వండుకున్నారు.

వానలు వెనకబట్టాక ఆమె వాళ్ల అక్క ఇంటికి వెళ్లిపోయింది. పెద్ద గొడవేం జరగలేదు. ఆమె బట్టలు సర్దుకుంటుంటే అతను గది గదికీ వెంట తిరిగి, "మళ్లీ ఎప్పుడొస్తావ్?" అని అడుగుతూనే ఉన్నాడు.

"చలికాలంలో నీ ఎండపెట్టెలో అన్నం ఉడికిన రోజు ఫోన్ చెయ్యి, వస్తాను" అంది ఆమె, విసుగ్గా.

వేళాకోళానికే అని ఉంటుంది. అతను మాత్రం ఆ మాటనే పట్టుకుని బతుకుతున్నాడు. అద్దం మీద ఇంకో అద్దం వేశాడు. పెట్టె చుట్టూ పాత బొంత చుట్టాడు. అయినా మెతుకు నడుమ పలుకు పోలేదు. ఉడకని ప్రతిసారీ దిగులుతోపాటు చిన్న ఊరట కూడా కలిగేది. దాన్ని అతను తరచి చూసుకోలేదు.

కిందింటి పిన్నిగారు బట్టలు ఆరేస్తూ, "ఏం బాబూ, ఇవాళ కూడా బియ్యం ఎండబెడుతున్నావా?" అంది.

"ఉడుకుతుంది పిన్నిగారూ."

"నువ్వు ఊరుకుంటే ఉడుకుతుంది. నేను నాలుగు బట్టలు ఆరేసేలోపు రెండుసార్లు తెరిచావు. వేడి నిలవొద్దూ? ఆ పెట్టెలో నేనుంటే ఎప్పుడో లేచి పారిపోదును."

అతను నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

రాత్రిళ్లు దీపం ఆర్పాక తను ఆమెను రోజూ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఏం ఆలోచిస్తున్నావ్? ఏం లేదు అనేది ఆమె. ఏదో ఉంది, చెప్పు, అనేవాడు. తెల్లారి కాఫీ గ్లాసు అందుకుంటూ మళ్లీ అదే. ఆ ఆత్రాన్నే ప్రేమ అనుకున్నాడు.

మర్నాడు పెట్టెను నడినెత్తి ఎండకు సరిచేసి, మేడ తాళం పిన్నిగారి చేతిలో పెట్టాడు. "భోజనాల వేళ దాటేదాకా అడిగినా ఇవ్వకండి."

"అడుగుతావని నీకే తెలుసన్నమాట."

పొద్దెక్కాక అడగనే అడిగాడు. "పైన బట్టలు తీసుకోవాలి పిన్నిగారూ."

"నీ బట్టలేం లేవు పైన. పో, కొట్టు చూసుకో."

చివరికి తాళం తీసి పైకి వెళ్లేసరికి అద్దం నిండా ఆవిరి పట్టి ఉంది. గిన్నె మూత తీసి ఒక మెతుకు వేళ్ల మధ్య నొక్కాడు. మెత్తగా నలిగింది.

సంతోషం రావాల్సిన చోట భయం వచ్చింది. ఇన్నాళ్లూ ఉడకని అన్నమే ఆమె రాకను కాపాడుతూ వచ్చింది. ఇక అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేదు. ఆమె రాననొచ్చు.

గిన్నె పక్కనే కూర్చుని ఫోన్ చేశాడు.

"ఉడికింది."

"గ్యాసు మీద పెట్టలేదు కదా?"

"కావాలంటే పిన్నిగారిని అడుగు."

"ఎన్నిసార్లు తెరిచావ్?"

"తెరవలేదు."

అవతల ఎక్కడో నడుస్తున్న కుట్టుమిషను ఆగింది. ఏం ఆలోచిస్తున్నావ్ అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టాడు. ట్యాంకు నీడ జరిగి జరిగి అతని కాలి మీదికొచ్చింది. ఆమె ఫోన్ పెట్టేయలేదు.

చాలాసేపటికి, "అన్నం చల్లారిపోతుంది, మూత పెట్టు" అంది.

పెట్టాడు. ఫోన్ మాత్రం చెవి దగ్గరే ఉంచుకున్నాడు.