ఊదారంగు మల్లి

రాంచందర్‌కు పిల్లులంటే పడదు. ఈ మాట ఆయన ఊళ్లో తక్కువలో తక్కువ వందమందితో చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ మల్లి ఆయన ఒళ్లోనే ఉండేది. "మా నిర్మల సాదుకుంటున్నది, నాకేం సంబంధం లేదు" అంటూనే దాని గదవ కింద వేలితో గోకుతుండేవాడు.

మల్లి తెల్లటి పిల్లి. మూడేళ్ల కింద వానలో తడుస్తూ గడ్డివాము దగ్గర దొరికితే ఆయన భార్య నిర్మల కొంగులో చుట్టుకొని తెచ్చింది. పొద్దున ఆయన అరుగు మీద పేపరు విప్పితే చాలు, వచ్చి మోకాలికి తలతో ఒక్కటి పొడిచి, ఎదురుగా కూర్చుని, ఆయన ముఖంలోకి చూస్తూ మెల్లగా కళ్లు మూసి మెల్లగా తెరిచేది. దానికాయనకు ఒళ్లు మండేది. "చూసినవా, నేను ఉద్యమం వార్తలు చదువుతుంటె గిది కునుకు తీస్తది" అని భార్యకు ఫిర్యాదు చేసేవాడు. ఊళ్లో ఆయన ముందు కునుకు తీసే ధైర్యం ఇంకెవరికీ లేదు మరి.

ఎందుకంటే తెలంగాణ కోసం సమ్మె నడిచిన ఆ ఏడు ఊరి ఉద్యమ జేఏసీకి ఆయనే పెద్ద. పాలకుర్తికి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ఆ ఊళ్లో సకల జనుల సమ్మె అంటే రాంచందర్ సమ్మె అన్నట్టే ఉండేది. బడి బంద్, పంచాయతీ ఆఫీసు బంద్. మూడో రోజున పశువుల దవాఖానకు తన చేత్తోనే తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అందులో పనిచేసే సాంసన్ సారును తెచ్చి దీక్ష టెంటులో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "పానం మీదికొచ్చిన కేసు వస్తె ఎట్లనే అన్నా?" అని సాంసన్ నసిగితే, "ఒకరికి తెరిస్తె అందరికి తెరవాలె. గప్పుడు గది సమ్మె ఎట్లయితది?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల దెబ్బ మొదట తగిలింది గంగికి. ఆమెది ఊరవతలి తండా. రాంచందర్ చేన్లో పత్తి ఏరడానికి తండా ఆడవాళ్లను వెంటబెట్టుకొని వచ్చేది ఆమే. ఒకరోజు తన కుక్క కాలియాను భుజాన వేసుకొని టెంటు దగ్గరికి వచ్చింది. అడవిపంది కోర తగిలి దాని ముందుకాలు చీరుకుపోయింది. గంగి ఏడవలేదు, దండం పెట్టలేదు. "కుట్లేస్తె చాలు పటేలా. గంట సేపు పని" అంది.

అందరి ముందు అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకోవడం రాంచందర్ వల్ల కాలేదు. "తెలంగాణ రానియ్యి గంగీ, నీ కుక్కకు గూడ మంచి రోజులొస్తయి. ఇప్పుడైతె తెరిచేది లేదు" అన్నాడు. టెంటులో నలుగురు నవ్వారు. గంగి కుక్కను ఎత్తుకొని వచ్చిన తొవ్వనే వెళ్లిపోయింది. ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు. ఆ సంగతి నిర్మలకు కూడా చెప్పలేదు.

ఇంకో పది రోజులకు, పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ దగ్గరపడింది. ఈసారి ఆడవాళ్లంతా టెంటు ముందు రోడ్డు మీదే ఆడాలని తీర్మానం చేశారు. పెద్దమనిషి ఇంట్లో పూలతో పేర్చే బతుకమ్మ అందరికంటే ఎత్తుగా ఉండకపోతే ఎట్లా? రాంచందర్ ముందురోజే బస్తాల కొద్దీ గునుగు కోయించాడు. గునుగు పువ్వు తెల్లగా ఉంటుంది. దుకాణంలో రంగు పొడి కొని నీళ్లలో కలిపి, కట్టలు కట్టలుగా ముంచి ఆరబెడితేనే దానికి ఆ సోకు. ఏటా ఈ పని నిర్మలది. చిన్న గిన్నెలో కలిపేది, ముంచగానే నీళ్లు పారబోసి గిన్నె కడిగి బోర్లించేది. ఈసారి మాత్రం, "నువ్వు జరుగు, గిది ఉద్యమం బతుకమ్మ" అని రాంచందర్ రంగంలోకి దిగాడు. పెద్ద బేసిన్‌లో ఊదారంగు కలిపాడు. నాలుగు పొట్లాలు వేసి, ఇంకా ముదురు రావాలని మరో రెండు వేశాడు. పని అయ్యాక మిగిలిన నీళ్లు పారబోయడానికి మనసొప్పక, మూత పెట్టడానికి ఓపిక లేక, బేసిన్‌ను వాకిట్లోనే వదిలేశాడు.

మల్లి పిట్టగోడ మీద నుంచి ఉడుత కోసం దూకింది. ఉడుత తప్పించుకుంది. మల్లి వెళ్లి బేసిన్‌లో పడింది.

ఊదారంగు పిల్లి ఇల్లంతా ఉరుకుతుంటే రాంచందర్ పొట్ట పట్టుకొని నవ్వాడు. నిర్మల సబ్బు తెస్తానంటే, "ఉండనియ్యే, పండుగ పూట దానికి గూడ కొత్త బట్టలు" అని ఆపాడు. సాయంత్రం దాకా మల్లి మెట్టు మీద కూర్చుని కాళ్లు, పొట్ట, తోక ఒకటే నాకుతోంది. "చూడు, అద్దం ముందట కూసున్నట్టు ఎట్ల మురుస్తున్నదో" అని మళ్లీ నవ్వాడు.

తెల్లారి పేపరు విప్పాడు. మోకాలికి ఏదీ తగల్లేదు. రెండు పేజీలు తిప్పాడు గానీ ఒక్క అక్షరం తలకెక్కలేదు. "నిర్మలా, నీ పిల్లేదే?" అన్నాడు. గిన్నెలో పెట్టిన అన్నం అట్లాగే ఉంది. మెట్టు మీద ఊదారంగు నురుగు కనిపించింది.

అప్పటినుంచి రాంచందర్ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. మంచాల కింద కట్టె పెట్టి కెలికాడు. "మల్లీ!" అని వీధి చివరిదాకా వినపడేట్టు అరిచాడు. నిర్మల జ్వరం గోలి సగం విరిచి తెచ్చింది, దొరకగానే మింగించాలని. ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పత్తి ఏరేది ఎప్పుడో కనుక్కుందామని గంగి వచ్చింది. వెనక కాలియా మూడు కాళ్ల మీద కుంటుతూ వచ్చి గేటు బయటే ఆగిపోయింది. దాన్ని చూసి రాంచందర్ తల తిప్పుకున్నాడు. నిర్మల మాత్రం గంగి చెయ్యి పట్టుకొని జరిగిందంతా చెప్పింది.

"మురిసింది గాదు పటేలా" అంది గంగి. "పిల్లి ఒంటి మీద ఏది పడ్డా నాకి నాకి తీస్తది. గా రంగంత కడుపులకు పోయింది. ముందుగాల గా కట్టె పారెయ్యి. నువ్వు గట్ల ఒర్రితె అది ఇంకింత లోపటికి పోతది. బాధైతె కుక్క మనిషి దగ్గరికొస్తది, పిల్లి దాసుకుంటది. ఇంట్ల చీకటి సందు ఏడున్నది?"

వడ్లు పోసుకునే గుమ్మి వెనక, గోడకూ దానికీ మధ్య జానెడు సందు ఉంది. గంగి వంగి చూసి వేలు చూపించింది. చీకట్లో రెండు కళ్లు మెరుస్తున్నాయి. రాంచందర్ చెయ్యి పెట్టబోతే ఆపింది. "గుంజకు. నీ తువ్వాల ఆడ పరిచి, జర పక్కకు తిరిగి కూసో. నీ వాసన దానికెరికె."

తొంభై కిలోల రాంచందర్ గుమ్మి పక్కన నేల మీద కూలబడ్డాడు. ఎంతసేపు కూర్చున్నాడో ఆయనకే తెలియదు. అటు టెంటులో మైకు మోగుతోంది, ఆయన కోసం రెండుసార్లు మనిషి వచ్చి పోయాడు. "రోజు నా ముందట కూసొని కునుకు తీసేది" అన్నాడు ఉన్నట్టుండి. "మెల్లగ కండ్లు మూసేది, తెరిచేది."

గంగి నవ్వింది. "కునుకు గాదు పటేలా. పగోని ముందట ఎవరన్న కండ్లు మూసుకుంటరా? నువ్వుంటె నాకు భయం లేదని చెప్పుడు గది."

మూడేళ్లుగా ఒక ప్రాణం పొద్దున్నే వచ్చి ఆ మాట చెబుతుంటే తాను తిడుతూ కూర్చున్నాడు. చీకట్లోని రెండు కళ్ల వైపు చూస్తూ, తానే మెల్లగా కళ్లు మూసి తెరిచాడు. ఇంకోసారి మూసి తెరిచాడు. కాసేపటికి మల్లి డేకుతూ వచ్చి తువ్వాల మీద ఒరిగింది. నోటి నుంచి చొంగ కారుతోంది, ఒళ్లు వణుకుతోంది. నిర్మల పాలు పోయబోతే గంగి వద్దంది. సోయి సరిగా లేనప్పుడు నోట్లో పోస్తే ఊపిరికి అడ్డం పడుతుందంది.

తువ్వాలలో చుట్టిన పిల్లిని గుండెకు హత్తుకొని రాంచందర్ రోడ్డెక్కాడు. వెనక గంగి, ఆమె వెనక కుంటుతూ కాలియా. టెంటులో ఉపన్యాసం ఆగిపోయింది. సాంసన్ లేచి నిలబడి పిల్లి నోరు చూశాడు.

"లోపటికి తీస్కపోవాలె అన్నా. తాళంచెవి నీ దగ్గరనే ఉన్నది" అన్నాడు మెల్లగా.

ముందు వరసలో కూర్చున్న కొమురయ్య మనసులో ఏదీ దాచుకునే మనిషి కాదు. "ఒకరికి తెరిస్తె అందరికి తెరవాలె అంటివి గదనే?" అన్నాడు.

రాంచందర్ ముఖం చిన్నబోయింది. ఇంటి నుంచి టెంటు దాకా ఆయన భయపడిన మాట ఇదే. ఒక చేత్తో పిల్లిని పట్టుకొని, ఇంకో చేత్తో మొలతాడు తడుముకుంటూ అందరి ముందు నిలబడ్డాడు.

"అంటి" అన్నాడు. "గంగి కుక్కను వాపసు పంపిననాడు గూడ గదే అంటి. గది నా తప్పు. ఇయ్యాల్టి నుంచి పానం మీదికొస్తె అందరికి తెరుస్తం, మిగిలిన పనికి బందే. గంగీ, నేను నవ్వులాట జేసిన మాట..."

"ముందుగాల పిల్లిని సూపియ్యి పటేలా. గది సల్లబడుతున్నది" అంది గంగి.

రాంచందర్ తాళం తీశాక, సాంసన్ దవాఖాన బల్ల మీద మల్లిని గోరువెచ్చని నీళ్లతో, సబ్బుతో మూడుసార్లు కడిగాడు. నీళ్లు ఊదాగా, తర్వాత లేత ఊదాగా పోయాయి. పొడిగుడ్డలో చుట్టి, మెడ దగ్గరి తోలు కిందికి సెలైన్ ఎక్కించాడు. "ఇంట్ల గోలి ఏమన్న ఏసిన్రా?" అని అడిగాడు. రాంచందర్ జేబులోని సగం గోలి తీసి చూపించాడు.

సాంసన్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "గిది ఏసుంటె నేను గూడ ఏం జెయ్యలేకపోదును. మనిషి జ్వరం గోలి పిల్లికి విషమన్నా!"

రాంచందర్ ఆ సగం గోలిని కిటికీలోంచి విసరబోయి, బయట కాలియా ఉందని గుర్తొచ్చి ఆగి, కాగితంలో చుట్టి మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. గంగి అది చూసింది. ఆమె పెదవి కొస కొంచెం కదిలింది.

పొద్దు వాలే వేళకు వణుకు తగ్గింది. మల్లి తల ఎత్తింది. ఎదురుగా స్టూలు మీద తన కోసం టెంటునూ ఉద్యమాన్నీ వదిలి కూర్చున్న పెద్దమనిషిని చూసింది. మెల్లగా కళ్లు మూసింది, మెల్లగా తెరిచింది. రాంచందర్‌కు కళ్లు చెమర్చాయి. "సూడవయ్యా సాంసన్, మళ్ల మొదలుపెట్టింది" అన్నాడు.

తర్వాత మొలతాడు నుంచి తాళంచెవి విప్పి సాంసన్ చేతిలో పెట్టాడు. "గా కుక్క కాలు సూడు" అన్నాడు.

"కుట్లేసే టైం దాటిందన్నా. లోపట చీము పట్టినట్టున్నది. కడిగి మందు పెడితె కాలు నేల మీద పెడ్తది, గని కుంటుడు పోదు" అన్నాడు సాంసన్, కిటికీలోంచి దాన్ని చూసి.

కుంటుడు పోదన్న మాట రాంచందర్‌కు సూటిగా తగిలింది. బయటికి వెళ్లాడు. దవాఖాన గడపకు పది అడుగుల దూరంలో కాలియా కూర్చుని ఉంది. ఆయన్ను చూడగానే చెవులు వెనక్కి వాల్చి గుర్రుమంది. ఆ రోజు టెంటు దగ్గర వాపసు పంపిన మనిషిని అది మరచిపోలేదు.

"నేను పట్టుకొస్త పటేలా, నాకైతె వస్తది" అంది గంగి.

"వద్దు. నేనే తెస్త."

ఆయన తువ్వాల దులిపి మట్టిలో పరిచాడు. దాని ఎదురుగా కాకుండా, జర పక్కకు తిరిగి కూర్చున్నాడు. ఊదారంగు అంటిన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. రోడ్డు మీదికి ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకొని వస్తున్నారు, నిర్మల బతుకమ్మే అందరికంటే ఎత్తుగా ఉంది. టెంటులోంచి కొమురయ్య, "అన్నా, నువ్వు మాట్లాడాలె, మైకు కాడికి రా!" అని పిలిచాడు.

కాలియా గుర్రుమనడం ఆపింది గానీ, కదల్లేదు.

"మీరు కానియ్యున్రి. నాకేం తొందర లేదు" అన్నాడు రాంచందర్, కుక్క బెదరకుండా గొంతు తగ్గించి. "గిది వచ్చేదాక గీడనే సమ్మెల ఉన్న."