డింగ్-దూత్ అన్నాక

వెదురు నాటకశాల వెనక అందరూ గంజి తాగుతుండగా నాటక బృందం యజమాని క్వాన్ సెక్-హోయ్ గిన్నె కింద పెట్టాడు.

"ఈ సాయంత్రం నుంచి మహారాణి వేషం లాయ్-సిమ్‌ది. బిక్-వాన్ దగ్గరుండి ముస్తాబు చేస్తుంది."

బిక్-వాన్ కూడా గిన్నె కింద పెట్టింది. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆ వేషం ఆమెదే. లాయ్-సిమ్ ఆమె శిష్యురాలు. ఆ పిల్ల పాట, నడక, చూపు అన్నీ ఆమె నేర్పినవే.

"నా గొంతుకేం వచ్చింది గురువుగారూ?"

"గొంతుక్కాదమ్మా, బుగ్గలకి. ముందు వరసవాళ్లు నీ ముడతలు చూసి మహారాణా, రాజమాతా అని అడుగుతున్నారు."

అందరూ పగలబడి నవ్వారు. ఆమె మళ్లీ నోరు తెరవబోయింది.

"డింగ్-దూత్," అన్నాడు క్వాన్.

చేపల బజారులో వినబడే మాట కాదది. రంగస్థలం మీద చక్రవర్తి తీర్పు ముగిస్తూ పలికే మాట. అది పడ్డాక మంత్రయినా తల వంచాల్సిందే. బిక్-వాన్ వంచింది.

సాయంత్రం శిష్యురాలి నుదుటికి తడి నల్లగుడ్డ చుట్టింది. కనుబొమలు, కంటికొసలు పైకి లేచేలా ఆ గుడ్డను లాగి కట్టాలి. ఆమె లాగింది. ఇంకా లాగింది.

"అమ్మా, కళ్లు తిరుగుతున్నాయి. కాస్త వదులు చేయరూ?"

"మహారాణికి నొప్పులుంటాయా? నోర్మూసుకో."

రెండో పాట సగంలో లాయ్-సిమ్ తూలింది. సింహాసనం పట్టుకుని జనం ముందే వాంతి చేసుకుంది. ముందు వరస నుంచి ఈలలు, నారింజ తొక్కలు వచ్చిపడ్డాయి.

తెర దించాక క్వాన్ ఆ పిల్ల ముఖం కూడా చూడలేదు. "రేపు పడవెక్కించండి. డింగ్-దూత్." తర్వాత బిక్-వాన్ వైపు తిరిగి, "రంగు పూసుకో," అన్నాడు. ఆమె పూసుకుంది. ఆ పూట ఎన్నడూ లేనంత బాగా పాడింది. చప్పట్లు ఆగలేదు.

మర్నాడు రేవులో లాయ్-సిమ్ బట్టల మూటతో కూర్చుని ఉంది. నుదుటి మీద గుడ్డ ఒరిసిన చోట చర్మం నల్లగా కమిలింది. బిక్-వాన్‌ను చూసి గబగబా లేచింది.

"అమ్మా, ఒక్కటి చెప్పండి. గుడ్డ మరీ బిగిసిందా, నాకే చేతకాలేదా?"

బిక్-వాన్ ఆ కమిలిన నుదుటి వైపు చూసింది.

"నీకే చేతకాలేదు."

ఆ పిల్ల నమ్మింది. నడుము వంచి దణ్ణం పెట్టి, ఇన్నాళ్లూ నేర్పినందుకు కృతజ్ఞతలు చెప్పి పడవెక్కింది.