రెండు వేళ్ళ మడత

టైలరు పాత మిషన్ మీద నల్ల ప్యాంటుకు జిప్పు కుడుతున్నాడు. గోడ పక్కనున్న కొత్త మిషన్ మీద మూడు వారాలుగా గుడ్డ కప్పే ఉంది. అడిగినవాళ్ళకి బెల్టు తెగిందని చెబుతున్నాడు. అబద్ధమాడటం చేతగాని మనిషి, చెప్పిన ప్రతిసారీ చెవులు ఎర్రబడతాయి.

వీధిలో అందరికీ ఆయన రెండువేళ్ళ మాస్టారు. పిల్లల బట్ట ఏది కుట్టినా అంచు లోపల రెండు వేళ్ళ మేర మడత వదలందే ఆయన చెయ్యి ఊరుకోదు. పిల్ల పొడుగయ్యాక మడత విప్పితే గౌను మళ్ళీ సరిపోతుంది. "మీ బేరానికి మీరే గండి కొట్టుకుంటున్నారు మాస్టారూ" అని తల్లులు ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు.

మధ్యాహ్నం ఎదురింటి టీచరమ్మ కూతురి గౌను తెచ్చింది. "మోకాళ్ళ పైకి వచ్చేసిందండీ. మడత విప్పాలి." ఆమెకు విషయం తెలుసు. ఆయన ముఖంలోకి చూడలేక, గౌను బల్ల మీద పెట్టి గబగబా వెళ్ళిపోయింది.

ఆయన బ్లేడుతో కుట్టు విప్పాడు. మడత లోపలి గుడ్డ వెలుగు సోకక కొన్ననాటి నీలంతోనే ఉంది. ఇక చేతులు ఆడలేదు.

భార్య కారియర్‌తో వచ్చేసరికి అలాగే కూర్చుని ఉన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె గడప దాటడం ఇదే మొదలు. పాప గురించి ఇద్దరూ ఇంతవరకూ ఒక్క మాటా అనుకోలేదు. పాప పోయిన మర్నాడే కొట్టు తెరిచినందుకు తనది రాతి గుండె అనుకుంటోందేమోనని ఆయన భయం.

"తినండి" అంది.

"నేనొక తప్పు చేశాను" అన్నాడు. "పాప గౌనుకీ మడత పెట్టేశాను. రెండు వేళ్ళు. గుర్తొచ్చేసరికి మట్టి కప్పేశారు."

ఎనిమిదేళ్ళు ఎదురుచూశాక నిలిచిన కడుపు. తొమ్మిదో నెలలో కదలిక ఆగిపోయింది. పుట్టిన పాప ఏడవలేదు. తొడగడానికి ఏదైనా తెచ్చుకోమని నర్సు మెల్లగా చెబితే, ఆయన కొట్టుకు పరుగెత్తి కొత్త మిషన్ మీద అరగంటలో పసుపు గౌను కుట్టాడు. మనసు ఎక్కడో ఉంది. చేతులు తమకు తెలిసినట్టు కుట్టుకుపోయాయి.

"చూశాను" అంది ఆమె. "తొడిగింది నేనే కదండీ. విప్పేద్దామనుకున్నాను, మనసొప్పలేదు. వాళ్ళ నాన్న అది పెరుగుతుందనే కుట్టాడు, ఉండనీ అనుకున్నాను."

అప్పుడు ఏడ్చాడు, మూడు వారాల తర్వాత, కొలతల టేపు మెడలో వేలాడుతుండగా. ఆమె ఆయన తల పొట్టకు ఆనించుకుంది. ఆ పొట్ట ఇంకా పూర్తిగా తగ్గలేదు.

కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "బెల్టు తెగిందని అందరికీ చెబుతున్నారట" అంది. వెళ్ళి కొత్త మిషన్ మీది గుడ్డ తీసింది.

బెల్టు బాగానే ఉంది. సూదిలో జానెడు పసుపు దారం, ఆ రోజు తెంపినది తెంపినట్టే వేలాడుతోంది.