గాలి దూరని పరదా

నేను ఒక పరదాను. బజారులో మీటరు లెక్కన కొలిచి సంచిలో పెట్టి ఇచ్చే రకం కాదు. పల్నాడులో సున్నపు బట్టీల ఊరొకటి ఉంది. అక్కడ నాపరాళ్లు కప్పిన ఒంటిగది ఇంట్లో, గురవమ్మ అనే ఆవిడ చేతిలో పుట్టాను. ఆమె నన్ను పరదా అంటుంది. ఆమె కూతురు కోటేశ్వరి కర్టెన్ అంటుంది. ఎదురింటి మస్తాన్‌బీ మాత్రం నన్ను చూసిన మొదటి రోజే, "ఇదేం పరదా అక్కా? బొంతకి మేకులు కొట్టినట్టుంది" అనేసింది. నాకు ఒళ్లు మండింది గానీ, ముగ్గురిలో ఆవిడ మాటే నిజానికి దగ్గర.

నా పుట్టుకకు కారణం ఆ ఇంటి కిటికీ. దానికి తలుపులు లేవు, ఊచలు మాత్రమే ఉన్నాయి. కోటేశ్వరి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన రోజున గురవమ్మ కూతుర్ని మంచం మీద కూర్చోబెట్టి, మొదట ఆ కిటికీ వైపే చూసింది. చాలా ఏళ్ల కిందట, తుపాను వానలో, అదే కిటికీ పక్కన ఆమె మొదటి కొడుకు ఉయ్యాలలో పడుకున్నాడు. ఇంకా పేరు కూడా పెట్టలేదు. తెల్లారి ఆమె చెయ్యి వేసి చూసేసరికి బిడ్డ చల్లగా అయిపోయాడు. జబ్బేదో ఎవరూ చెప్పలేదు. గాలి తీసుకుపోయిందని ఆమే తీర్మానించుకుంది. అప్పటినుంచీ ఆమెకు పులన్నా పామన్నా భయం లేదు, ఈదురుగాలంటేనే భయం.

అందుకే బట్టీలో సున్నం జల్లెడ పట్టి వచ్చిన సాయంత్రాలన్నీ సూదీ దారం పట్టుకుని కూర్చుంది. బయటి పొరకు ఉతికిన యూరియా బస్తా. దాని మీద చనిపోయిన భర్త పంచె. ఆ పైన తన నేత చీరలు రెండు, కోటేశ్వరి చిన్ననాటి ఓణీ. వీటన్నిటి మధ్యలో, ఎవరూ చూడకుండా, పసుపు రంగు పాత చీరొకటి మడతపెట్టి కుట్టేసింది. అది ఆ మొదటి బిడ్డ ఉయ్యాల చీర. పారెయ్యలేక, కట్టుకోలేక ఇన్నేళ్లు పెట్టె అడుగున దాచింది.

పైన తీగకు తగిలించడానికి కోటేశ్వరి బడికి వేసుకుపోయిన ప్లాస్టిక్ గాజులను రింగులుగా కుట్టింది. చీర అంచులు కోసి, జడలల్లి, కింద కుచ్చులు పెట్టింది. పాత చొక్కాల గుండీలు ఏరి నడుమ నెమలిని కుట్టింది. అది కాస్త కోడిలా వచ్చింది, అది వేరే సంగతి. గాలికి లేవకుండా అంచు మడతలో నాపరాతి ముక్కలు పొదిగి, అప్పటికీ నమ్మకం చాలక కింది మూలలకు మేకులు కొట్టింది.

"ఇంక ఇందులోంచి గాలి దూరితే నా పేరు గురవమ్మే కాదు" అంది.

వీధి ఆడవాళ్లంతా వచ్చి చూసిపోయారు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, గురవమ్మ మురిసిపోయింది. నేనూ తక్కువ తినలేదు, కోడి లాంటి నెమలిని రొమ్ము మీద పెట్టుకుని విర్రవీగాను.

కోటేశ్వరికి మగపిల్లాడు పుట్టాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి రోహిణీ కార్తె వచ్చేసింది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతి నాకు తెలియదు, ఆ ఇంటి నాపరాళ్ల కప్పు మాత్రం పొద్దెక్కేసరికి పెనంలా కాలేది. పెనం కింద మూసిన గది, గదిలో మంచం, మంచం కింద బొగ్గుల కుంపటి, పైన సాంబ్రాణి పొగ. బాలింత చెవుల్లో దూది, తలకు గుడ్డ. బిడ్డకు మెడదాకా చుట్టిన దుప్పటి. ఇవన్నీ చాలనట్టు, కిటికీ నిండా నేను.

"అమ్మా, నోరు పిడచగట్టుకపోతంది. ఒక్క గ్లాసుడు మంచినీళ్లియ్యవే" అని కోటేశ్వరి అడిగేది.

"పచ్చి బాలింతవి. గొంతు తడుపుకో చాలు. కడుపునిండా నీళ్లు తాగితే పొట్ట జారుద్ది, బిడ్డకి జలుబు చేసుద్ది" అని గురవమ్మ చిన్న గిన్నెలో ఒక గుక్కెడు పోసి ఇచ్చేది.

ప్రేమ లేక కాదు. ఆమె తల్లి ఆమెకు అట్లాగే చేసింది, ఆ తల్లికి ఆమె తల్లి. మనుషుల్లో ఇదొక వింత. తమకు దాహం వేసిన సంగతి మర్చిపోతారు, దాహంతో ఉంచిన పద్ధతి మాత్రం మర్చిపోరు.

గురవమ్మకు ఒక అలవాటుండేది. పనిలో ఉన్నా మధ్యమధ్య వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని, బిడ్డ రొమ్ము మీద అరచెయ్యి ఆనించేది. క్షణం ఊపిరి బిగబట్టేది. "వెచ్చగా ఉన్నాడు నా తండ్రి" అని వదిలేది. ఆ మాట అన్నాక ఆమె ముఖం విప్పారేది. నాకు ఆ ఘడియంటే ఎంతో ఇష్టం. నేను చేస్తున్న కాపలాకు అదే జీతం అనుకునేదాన్ని.

అయితే పరదాకు ముఖాలు రెండు. ఒకటి గదిలోకి, ఒకటి వీధిలోకి. నా వీధి ముఖానికి ఎదురుగా ఒక దండెం ఉంది. బిడ్డ గుడ్డలన్నీ దాని మీదే ఆరేవి. మొదట్లో దండెం నిండిపోయి, గురవమ్మ గొణుక్కుంటూ రెండో తాడు కట్టింది. తర్వాత రెండో తాడు ఖాళీ అయింది. తర్వాత మొదటి తాడు మీద కూడా ఎడం ఎక్కువైంది. ఎవరి పనుల్లో వాళ్లున్నారు, పనీపాటా లేక చూస్తూ కూర్చున్నది నేనొక్కదాన్నే. ఎందుకో తెలియదు గానీ నాకు గుబులు మొదలైంది.

బిడ్డ ఏడుపు కూడా సన్నబడింది. మొదట వీధి చివరిదాకా వినబడేవాడు. తర్వాత గది దాటేది కాదు. ఒక పొద్దున అసలు ఏడవనే లేదు.

"ఎంత బుద్ధిమంతుడే! కిక్కురుమనడు" అని గురవమ్మ మెటికలు విరిచింది.

"పాలు పట్టుకోట్లేదమ్మా. నోట్లో పెడితే వదిలేస్తన్నాడు. ఉడికిపోతన్నాం. కాసేపు ఆ కర్టెన్ తీయవే, నీకు దణ్ణం పెడతా."

గురవమ్మ ముఖం మాడిపోయింది. "ఆ మాట ఇంకోసారి అనమాక. నీ అన్నని అట్టాగే పోగొట్టుకున్నా. ఈ కిటికీ తీసేది నేను చచ్చాకే."

కోటేశ్వరి గోడవైపు తిరిగి పడుకుంది. భర్త లారీ మీద బళ్లారి పోయాడు. పోరాడే ఓపిక ఆమెకు లేదు. నేను మాత్రం బిడ్డను చూస్తున్నాను. పెదవులు అట్టకట్టాయి. కళ్లు సగం మూసుకున్నాయి. కేక వెయ్యాలని ఉంది, గుడ్డకు గొంతేది? పొరల మీద పొరలు, రాళ్లు, మేకులు. కనీసం గాలికి ఊగి ఎవరి కంటనైనా పడే భాగ్యం కూడా లేకుండా కుట్టారు నన్ను.

మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. ఇరుగుపొరుగు ఇళ్లలో ఫ్యాన్ల చప్పుడు ఆగిపోయింది. వీధిలో మనిషి లేడు. మస్తాన్‌బీ తన వడియాల గుడ్డ తీసుకోవడానికి బయటికి వచ్చి, దండెం దగ్గర ఆగి, నాకు అవతలి నుంచే పలకరించింది.

"అక్కా, ఇయ్యాల దండెం బోసిగా ఉందేంది? పిల్లోడి గుడ్డలు ఉతకలేదా?"

గురవమ్మ లోపలినుంచే, గొప్పగా, "తడిపితేగా ఉతికేది! నిన్న సందేళ నుంచి ఒక్క గుడ్డ తడపలేదు మా బంగారుకొండ" అంది.

మస్తాన్‌బీ ముఖం పాలిపోవడం నేనొక్కదాన్నే చూశాను. చేతిలో వడియాల గుడ్డ జారిపోయింది.

"అదేంది అక్కా! పసిబిడ్డ తడపకపోతే మంచిదంటావేంది? అయ్యో, బిడ్డకి పాలు లేవు, ఒంట్లో నీళ్లు లేవు! తలుపు తియ్యి!"

ఆ మాట చెవినపడగానే కోటేశ్వరి మంచం దిగింది. బాలింత నిలబడకూడదన్న సంగతి మర్చిపోయింది. రెండు చేతులతో నన్ను పట్టుకుని గుంజింది. గురవమ్మ పరుగున వచ్చి రెండో కొస పట్టుకుంది.

"వద్దే! గాలి తగిలిద్ది! చచ్చిపోతాడే!"

"వదులమ్మా! ఇప్పుడు చస్తన్నాడు!"

తల్లీ కూతుళ్లు ఏడుస్తూ నన్ను చెరోవైపు లాగారు. నేను చిరగలేదు. అంత గట్టిగా కుట్టిందా మహాతల్లి. గట్టి కుట్టు మీద అప్పటిదాకా ఉన్న గర్వమంతా నాకు విషమైపోయింది. చిరుగు, చిరుగు అని నన్ను నేనే తిట్టుకున్నాను. చివరికి నెమలి నడుమ ఒక కుట్టు తెగింది. గుండీలు నేలంతా దొర్లాయి. ఆ చీలికలోంచి పసుపు చీర బయటపడింది.

గురవమ్మ చెయ్యి సడలింది. ఉయ్యాల చీరను చూసింది. తర్వాత అలవాటుగా మంచం దగ్గరికి వెళ్లి, బిడ్డ రొమ్ము మీద అరచెయ్యి ఆనించింది.

"వెచ్చగా..." అని ఆగిపోయింది.

చెయ్యి తియ్యలేదు. ఒకనాడు చల్లబడిన బిడ్డను తాకిన చెయ్యి అది. అప్పటినుంచీ అది చలిని మాత్రమే వెతికింది. వేడి తగిలితే చాలు, ప్రాణం ఉన్నట్టేనని నమ్మింది. బిడ్డ రోజూ కాస్త కాస్త ఎక్కువ కాలుతుంటే, రోజూ కాస్త కాస్త ఎక్కువ నిశ్చింతగా వెళ్లిపోయింది.

"కోటీ," అంది గురవమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "కాలిపోతన్నాడే. నా చేతులారా కాల్చేస్తన్నానే వీణ్ణి."

అంతే. గూట్లోంచి కొడవలి లాగి నా మేకుల దగ్గర కుట్లు తెగ్గోసింది. కుంపటిని కాలితో బయటికి తన్నింది. తలుపు తీసింది. దుప్పటి ఊడదీసి బిడ్డను తడిగుడ్డతో తుడిచింది. చెంబు నిండా నీళ్లు తెచ్చి కూతురి నోటికి ఆనించి, "తాగవే, అంతా తాగు" అని ఏడ్చింది. మస్తాన్‌బీ ఆటో కోసం పరిగెత్తింది. ఈలోగా గురవమ్మ నన్ను తొట్టిలో ముంచి, నీళ్లోడుతుండగా మళ్లీ కిటికీకి వేలాడదీసింది, ఈసారి కొసలు వదిలేసి. వడగాలి నా చీలికలోంచి దూరి, తడికి చల్లబడి, బిడ్డ మీదికి పోయింది. జన్మలో మొదటిసారి నేను ఊగాను.

ఆటో వచ్చింది. తల్లీ కూతుళ్లు బిడ్డతో ఎక్కారు. వీధి మలుపు తిరిగాక చప్పుడు ఆగిపోయింది.

పరదాలు ఆసుపత్రికి పోలేవు. నీళ్లు కారడం ఆగింది, తడి ఆరింది, బట్టీల సున్నపు దుమ్ము వచ్చి మీద కూర్చుంది. సాయంత్రమైంది, ఎవరూ రాలేదు. ఖాళీ మంచం ఒకవైపు, ఖాళీ దండెం ఒకవైపు. రెండు ముఖాలతో రెండు ఖాళీలు చూస్తూ తెల్లారేదాకా ఉన్నాను.

మర్నాడు పొద్దున గురవమ్మ ఒక్కతే వచ్చింది. జుట్టు రేగి ఉంది. చేతిలో మూట ఉంది. నావైపు చూడలేదు. నేరుగా తొట్టి దగ్గరికి పోయి మూట విప్పింది. రాతి మీద బట్టలు బాదుతున్న చప్పుడు వినబడింది. నా దారాలన్నీ బిగుసుకుపోయాయి. మనుషులు పురుడొచ్చినా ఉతుకుతారు, మైలొచ్చినా ఉతుకుతారు. ఆ బాదుడు ఎందుకో ఎట్లా తెలుస్తుంది?

దండెం దగ్గరికి వచ్చి ఒక చిన్న గుడ్డ ఆరేసింది. పక్కన ఇంకోటి. ఇంకోటి. తాడు నిండిపోయింది. రెండో తాడు మీద వెయ్యడం మొదలుపెట్టింది. అప్పుడు వీధంతా వినబడేలా అరిచింది.

"మస్తాన్‌బీ! తడిపాడే! రాత్రంతా తడుపుతానే ఉన్నాడు! డాక్టరమ్మ చీర కూడా తడిపాడే నా దొంగ!"

మస్తాన్‌బీ ఇంట్లోంచి పరుగున వచ్చింది. ఇద్దరూ ఆ తడిగుడ్డల మధ్య ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. బిడ్డ మూత్రానికి ఇంత సంబరం చేసుకునే జాతి లోకంలో ఇంకోటి లేదు. నవ్వుదామనుకున్నాను, నావల్ల కాలేదు.

తర్వాత గురవమ్మ నన్ను విప్పేసింది. రాళ్లు వీధిలో పారేసింది. యూరియా బస్తా గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా అయింది. పంచే, చీరలూ, ఓణీ చింపి బిడ్డకు గుడ్డలు చేసింది. అవిప్పుడు దండెం మీద తడిసి, ఆరి, మళ్లీ తడుస్తుంటాయి. కిటికీకి మిగిలింది పసుపు ఉయ్యాల చీర ఒక్కటే, పైన ఆ గాజులతో. ఇప్పుడు నేనంటే అదే. గాలి వస్తే ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు.

గాలి వేసినప్పుడల్లా గురవమ్మ ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. నన్ను పట్టి బిగించడానికి చెయ్యి సగందాకా లేస్తుంది. అప్పుడు నా పక్కనుంచి దండెం వైపు చూస్తుంది. చెయ్యి దించుకుంటుంది.