ఐదో పలక

కుళ్లు లేదని నాను అబద్ధమాడను. రీనా పేరు వింటేనే నాకు ఒళ్లు మండిపోయేది.

తొంభై ఎనిమిది అది. హిందీవోళ్ల ఊరు ఆదిత్యపూర్‌లో లారీ ఇరుసులు సేసే కంపెనీ మాది. ప్యాకింగ్‌లో నాకు పద్దెనిమిదేళ్ల సర్వీసు. రీనా వొచ్చి ఆర్నెల్లు. మన తెలుగు పిల్లే గాని, నోరిప్పితే హిందీ. ఇన్‌ఛార్జి రిటైరవుతున్నాడు. ఆ కుర్సీ నాదేనని ఇంట్లో కూడా సెప్పీసినాను.

అంతలో జర్మనీ నించి కాయితం వొచ్చింది. అక్కడ సరుకు అమ్మినోడిదేనట, పెట్టె చెత్త బాధ్యత కూడా. అందుకని పెట్టెలో చెక్కెంత, అట్టెంత, ప్లాస్టికెంత, ఇనప పట్టీ ఎంత, విడివిడిగా తూచి రాయమన్నారు. మేనేజర్ సాబ్ ఆ కాయితం రీనా సేతిలో పెట్టి, "ఇది బాగా సేత్తే కుర్సీ నీదే" అన్నాడు. నా ముందరే! ఆ రోజు నించి ఆ పిల్లతో మాటాడ్డం మానీసినాను.

డ్రాయింగ్‌లో పెట్టెకి అడుగున నాలుగే పలకలు. ఎప్పుడో రేవులో ఓ పెట్టె అడుగూడిపోతే, ఆ కాడి నించి ఐదోది నానే ఏత్తన్నాను. ఎవుడూ అడగలేదు, ఎవుడూ మెచ్చుకోలేదు.

రీనా తూచడానికి ఓ పెట్టె పక్కన పెట్టుకుంది. మర్నాడు అందరూ అన్నాలకెళ్లినప్పుడు దాని ఐదో పలక పీకి అవతల పడీసినాను. ఆ పిల్ల లెక్క తప్పాల, జర్మనీవోడు తిట్టాల, కుర్సీ నాకు రావాల. అంతే.

వారం పోయాక సాబ్ షెడ్డుకొచ్చి పెట్టెలు తిరగేయించినాడు.

"కూర్మారావ్, నాలుగు పలకల బరువే రాసి పంపీసినాం. ఇకమీద పెట్టె కాయితంలాగే ఉండాల. ఐదోవన్నీ పీకీ."

"అడుగూడిపోద్ది సాబ్!"

"మరి తూచిన పెట్టెలో ఎందుకు లేదు?"

"పీకీత్తాను సాబ్" అన్నాను.

సాబ్ వెళ్లాక రీనా తన చిత్తుకాయితం తెచ్చి చూపించింది. "అంకుల్, ముందురోజు మైఁనే గినా థా. పాంచ్ థే." తనే లెక్కెట్టిందట, ఐదున్నాయట.

చెక్క అన్న గడి కింద వేరే వరస రాసుంది: 'కూర్మారావు అంకుల్ ఐదో పలక.' దాని మీద అడ్డగీత. తూచిన రోజు పలక కనపడక కొట్టీసిందట.

"నన్నడక్కపోయావా?"

"ఆప్ ముఝ్‌సే బాత్ నహీఁ కర్తే నా, అంకుల్" అంది. నాను మాటాడనని అడగలేదట.

పద్దెనిమిదేళ్లలో ఏ కాయితం మీదా నా పేరు పడలేదు. పడ్డ ఒక్కచోటా నానే కొట్టించుకున్నాను.

మేకులు పీకే సుత్తి తీసి మొదటి పెట్టె తిరగేసినాను. ఏడుపొచ్చీసింది. పీకుతూనే ఉన్నాను.