నలభై ఒక్క పేర్లు

చర్చి గంట పన్నెండు కొట్టగానే జనరల్ హిలారియో బెర్మూదెస్ దిమ్మె దిగుతాడు. నిలువెల్లా కంచు. వ్యాను అడ్డమొస్తే ఆగి, చౌక్ దాటి, యులోహియా కొందోరి సూపు బల్ల దగ్గరికి వస్తాడు. ఆయన బరువుకి మూడు బెంచీలు విరిగాక ఆమె అక్కడో రాతిపలక వేయించింది. పక్కకొట్టు నికోలాసా రోజూ ఒకటే మాట అంటుంది: "ఆ చిలుము చేతులతో నా రొట్టెలు ముట్టుకోకయ్యా!" ఆయన తలొంచుకుని గిన్నెడు వేరుశనగ సూపు తాగి, మళ్ళీ వెళ్ళి దిమ్మెక్కుతాడు. ముప్పై ఏళ్ళుగా ఆల్తోమయో ఊరికి ఇది మామూలే.

మొన్న సోమవారం మునిసిపాలిటీ నోటీసు అంటించింది. వంతెన యుద్ధానికి రెండు వందల ఏళ్ళ పండగట. జనరల్ విగ్రహం చుట్టూ పొయ్యిలూ గిన్నెలూ ఉంటే పరువు తక్కువట. శనివారానికల్లా కొట్లన్నీ ఎత్తేయాలి.

యులోహియా తిన్నగా మేయర్ గదిలోకి వెళ్ళింది.

"ఫెర్మిన్ గారూ, ఆ రోజు స్పెయిన్ రాజు సేన దాటుతుంటే తాళ్ళ వంతెన నరికింది మా ముత్తవ్వకి ముత్తవ్వ సెబాస్తియానా. ఆమె వెంట నలభై మంది ఆడాళ్ళు. పట్టుకుని అందరినీ ఈ చౌక్‌లోనే కాల్చేశారు. వాళ్ళ నెత్తురు పడ్డ చోటు నుంచి మమ్మల్ని పొమ్మంటారా?"

మేయర్ ఫెర్మిన్ కాఫీ తాగుతూ నవ్వాడు. "పుస్తకంలో జనరల్ పేరే ఉందమ్మా. మీ అవ్వ పేరు ఏ కాగితంలో ఉందో చూపించు."

"చదువు రానివాళ్ళని చంపి, ఇప్పుడు కాగితం అడుగుతున్నారా!"

బంట్రోతు ఆమెను బయటికి పంపేశాడు.

ఆ మధ్యాహ్నం జనరల్ వచ్చి కూర్చున్నాడు. ఆమె కుండ మీద మూత పెట్టింది.

"లే."

ఆయన లేవలేదు.

"నువ్వు చూశావుగా ఆ రోజు? చెప్పు, ఎక్కడున్నావ్?"

ఆయన చర్చి వైపు చెయ్యి చూపించాడు. "చర్చి వెనక, మొక్కజొన్న గిడ్డంగిలో. దాక్కున్నాను. తలుపు సందులోంచి అంతా చూశాను."

"నాకొక్కదానికే చెబితే ఏం లాభం? నాకు తెలిసిందేగా! ఊరికి చెప్పు."

"భయం."

"కంచు ఒంటికి భయమేంటి, సిగ్గులేనోడా?"

"ఉన్న పిరికి మనిషినే పోతపోశారు, అమ్మా."

ఆమె గరిటె విసిరింది. అది ఆయన ఛాతీకి తగిలి ఖంగుమంది. "నా చేతి కూడు తిని కూడా నోరు రాదా నీకు! పో అవతలికి!"

ఆయన వెళ్ళిపోయాడు. శుక్రవారం గడిచినా మళ్ళీ దిగలేదు.

శనివారం బ్యాండు మేళం వచ్చింది, బడిపిల్లలు జెండాలతో వచ్చారు, వాళ్ళ వెనకే లారీతో పోలీసులు. ఆడవాళ్ళు బల్లల ముందు బైఠాయించారు. ఎలియోదోరో చోకే అనే కుర్ర పోలీసు యులోహియా బల్లని ఎత్తి లారీ వైపు నడిచాడు. మైకులో మేయర్, "ఒంటి చేత్తో వంతెన కూల్చిన మహావీరుడు..." అంటున్నాడు.

అప్పుడు జనరల్ దిమ్మె దిగాడు. ఇంకా పదే అయింది కాబట్టి కొందరు గడియారం చూసుకున్నారు.

మైకు దగ్గరికెళ్ళి ఆయన అన్నాడు: "నేను దాక్కున్నాను. వంతెన కూల్చింది వీళ్ళు." ఆగి, ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టాడు: "సెబాస్తియానా కొందోరి. గ్రెగోరియా తికోనా. ఇసిదోరా లారూతా..."

ఒక్కో పేరుకీ గుంపులో ఎవరో ఒకరు "మా ఇంటి మనిషి!" అని అరుస్తున్నారు. ఒక ముసలాయన టోపీ తీసి గుండెకి అదుముకున్నాడు.

"మార్సెలినా చోకే. పదహారేళ్ళు. నోట్లో గుడ్డలు కుక్కి కాల్చారు."

బల్ల మోస్తున్న పోలీసు చోకే ఆగిపోయాడు. వెనక్కి నడిచి, తెచ్చినచోటే బల్ల దించాడు. మిగతా పోలీసులు అతని మొహం చూసి లారీ తలుపు మూసేశారు. ఆ రోజు ఒక్క కొట్టూ కదల్లేదు. ఆ తరవాత కదిలించడానికి ఎవడికీ ధైర్యం చాల్లేదు.

పేర్లు ఇంకా సగంలో ఉండగానే ఫెర్మిన్ చెయ్యి ఊపితే ఎవరో మైకు వైరు పీకేశారు. జనరల్ గొంతు సన్నబడింది. చూపు బెదురుగా దిమ్మె వైపు మళ్ళింది.

యులోహియా బల్ల మీదికి ఎక్కి నిలబడింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని, తడి లేదు.

"వెనకాలోళ్ళకి వినబడలేదు! గట్టిగా చెప్పు. మొదట్నుంచి చెప్పు!"